న్యూట్రాన్ ప్రయోగానికి ఇథైల్ అయొడైడ్ సీసా: చెన్నై దుకాణాల సరుకు మీద సమీక్ష

చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు కెమికల్స్ అమ్మే దుకాణాల్లో ఇథైల్ అయొడైడ్ (ఇథైల్ గుంపుకి అయొడిన్ తగిలి ఉన్న ద్రవం) 100 మి.లీ. సీసా దొరుకుతోంది. ముదురు గోధుమరంగు గాజు, లేబుల్ మీద 99 శాతం, అడుగున చుట్టగా పడి ఉన్న రాగి తీగ. ఆర్గానిక్ ల్యాబులో ఇథైల్ గుంపు తగిలించే పనికైతే ఇంకేమీ చూడకుండా కొనుక్కోవచ్చు. న్యూట్రాన్ సోర్సు పక్కన పెట్టి జిలార్డ్–చామర్స్ ప్రయోగం చేసేవాళ్లకి మాత్రం ఆ 99తో పెద్దగా పని లేదు. సీసాలో బంధం తెగి విడిగా తిరుగుతున్న అయొడిన్ ఎంత ఉందన్నది కావాలి. అది లేబుల్ మీద ఉండదు, సరుకు పనికొస్తుందో లేదో తేల్చేది మాత్రం అదే.

నెల్లూరు, తిరుపతి, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తున్న పిల్లలకి రేడియోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో ఎదురయ్యే ప్రయోగమే ఇది. 1934లో లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రిలో లియో జిలార్డ్, చామర్స్ కలిసి రేడియం–బెరీలియం సోర్సుతో ఇథైల్ అయొడైడ్ మీద న్యూట్రాన్లు పడనిచ్చారు. రేడియోధార్మికంగా మారిన అయొడిన్‌లో పెద్ద భాగం ఇథైల్ గుంపును వదిలి నీళ్లలోకి వచ్చేసింది. మామూలు అయొడిన్‌నీ రేడియోధార్మిక అయొడిన్‌నీ రసాయనికంగా విడదీయడం అసాధ్యమనుకునే రోజుల్లో ఒక సెపరేటింగ్ ఫనల్‌తో ఆ పని అయిపోయింది. తొంభై ఏళ్లు దాటినా ఇంత తక్కువ సామానుతో ఇంత గట్టి విషయాన్ని చూపించే ప్రయోగం ఇంకొకటి చూపించడం కష్టం.

జరిగేది ఇది. అయొడిన్-127 ఒక న్యూట్రాన్‌ను మింగి అయొడిన్-128 అవుతుంది. ఆ క్షణంలోనే కేంద్రకం గామా కిరణాలు వదులుతుంది. తుపాకీ పేలితే భుజానికి తగిలే దెబ్బలాగా ఆ అయొడిన్ పరమాణువు వెనక్కి తన్నుకుంటుంది. ఈ రీకాయిల్ శక్తి ఎంతో లెక్కకట్టడం తేలిక: గామా శక్తిని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల్లో తీసుకుని వర్గం చేసి, 537తో గుణించి, పరమాణు భారంతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 4.8 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గామా ఒక్కటే వెళ్లిందనుకుంటే 97 ఎలక్ట్రాన్ వోల్టులు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, కార్బన్–అయొడిన్ బంధం 2.4 ఎలక్ట్రాన్ వోల్టులే కదా, నలభై రెట్లు ఎక్కువ అని రాసేస్తారు. అది సరికాదు. పరమాణువు తన్నుకున్నప్పుడు ఇథైల్ గుంపును కూడా లాక్కుని పోతుంది కాబట్టి బంధం మీద పడేది మొత్తం శక్తి కాదు, ఇథైల్ భారం వంతు మాత్రమే: 29ని 157తో భాగించగా వచ్చే భిన్నం. అంటే 18 ఎలక్ట్రాన్ వోల్టులు. బంధం తెగడానికి అదీ చాలు. రికార్డులో ఈ రెండో లెక్క రాసినవాళ్లకి విషయం అర్థమైనట్టు.

ఇక సీసాలోని విడి అయొడిన్ ఎందుకంత ముఖ్యమో అంకెల్లో చూడాలి. 100 మి.లీ. ఇథైల్ అయొడైడ్ 194 గ్రాములు తూగుతుంది, అందులో అయొడిన్ 158 గ్రాములు. 5 క్యూరీల అమెరీషియం–బెరీలియం సోర్సు సెకనుకు కోటికి కాస్త పైన న్యూట్రాన్లు ఇస్తుంది. పారఫిన్‌లోనో నీళ్లలోనో వాటి వేగం తగ్గాక సీసా దగ్గర చదరపు సెంటీమీటరుకు సెకనుకు 10 వేల థర్మల్ న్యూట్రాన్లు ఉన్నాయనుకుందాం. అయొడిన్ క్యాప్చర్ క్రాస్‌సెక్షన్, అంటే న్యూట్రాన్‌ను పట్టుకునే అవకాశానికి కొలత, 6.2 బార్న్‌లు. గుణించుకుంటూ పోతే సంతృప్త స్థితిలో (పుట్టేవీ విఘటనయ్యేవీ సమానమైనప్పుడు) సెకనుకు 46 వేల విఘటనలు. అంత చురుకుదనానికి కావలసిన అయొడిన్-128 పరమాణువులు సుమారు 10 కోట్లు, బరువులో గ్రాములో లక్ష కోట్ల వంతు కూడా ఉండవు. ఇంత తక్కువ పదార్థం గాజు గోడకి అంటుకుని మాయమైపోతుంది. అందుకే 2 మి.గ్రా. మామూలు అయొడిన్‌ను క్యారియర్‌గా కలుపుతాం. 158 గ్రాముల్లో చెదిరిపోయి ఉన్న చురుకుదనంలో 60 శాతం 2 మి.గ్రాల్లోకి వచ్చిందనుకుంటే స్పెసిఫిక్ యాక్టివిటీ (గ్రాముకు ఉండే చురుకుదనం) 47 వేల రెట్లు పెరిగినట్టు.

ఇప్పుడు అదే సీసాలో 0.1 శాతం విడి అయొడిన్ ఉందనుకోండి. 99 శాతం అన్న లేబుల్ అప్పటికీ అబద్ధం కాదు. కానీ 194 మి.గ్రాల అయొడిన్ పిలవని పేరంటంలా ముందే వచ్చి కూర్చుంది. మీరు కలిపే 2 మి.గ్రాలు దాని ముందు లెక్కలోకి రావు. 47 వేల రెట్లు అనుకున్నది 500 రెట్ల లోపుకి పడిపోతుంది. ప్రయోగం చేసిన చేతుల తప్పు కాదది, సీసా తప్పు.

చూపుతోనే సగం తెలిసిపోతుంది. మంచి ఇథైల్ అయొడైడ్‌కి రంగు ఉండదు. లేత గులాబీ ఛాయ కంటికి ఆనిందంటే లీటరుకు మిల్లీమోల్‌లో పదో వంతు అయొడిన్ ఉన్నట్టు, 100 మి.లీ.కి లెక్కేస్తే 2.5 మి.గ్రా., అంటే క్యారియర్ అంత. ఎర్రటి గోధుమరంగుకి తిరిగిందంటే 0.1 శాతం దరిదాపుల్లోకి వచ్చేసింది. చిక్కేమిటంటే ముదురు సీసాలో ఈ రంగు బయటికి కనపడదు. కొనేటప్పుడు సీసాను టార్చి ముందు పెట్టి చూడటం వల్ల కూడా లాభం లేదు. అందుకే తయారీ నెల చూడండి, సీలు చూడండి, సీసా ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారో అడగండి. ఎండ తగిలే అద్దాల షెల్ఫ్ మీద నుంచి తీసిస్తుంటే, "లోపల గోడౌన్‌లో అట్టపెట్టెలో ఉన్నది ఇవ్వన్నా" అని అడిగి తీసుకోవడమే మంచిది. ఆ వీధుల్లో తెలుగులో అడిగితే చాలాచోట్ల తెలుగులోనే జవాబొస్తుంది, మొహమాటపడక్కర్లేదు.

ల్యాబుకి తెచ్చాక తూచినట్టు తెలుసుకోవాలంటే ఒక టైట్రేషన్ చాలు. 10 మి.లీ. సరుకులో అంతే నీళ్లు, చిటికెడు పొటాషియం అయొడైడ్, నాలుగు చుక్కల గంజి ద్రావణం పోసి, 0.01 నార్మల్ హైపోతో (సోడియం థయోసల్ఫేట్) బాగా కలియబెడుతూ నీలం పోయేదాకా వేయండి. 1 మి.లీ. హైపోకి 1.27 మి.గ్రా. అయొడిన్. 10 మి.లీ. సరుకుకి 0.2 మి.లీ. లోపల ఆగిపోతే సీసా బాగున్నట్టు. 15 మి.లీ. తాగిందంటే 0.1 శాతం చేరినట్టే.

సమీక్షకు తీసుకున్న సీసాలోని ద్రవం బయటికి పోసి చూస్తే లేత గులాబీ. అంటే వాడదగినదే, కానీ కడగకుండా కాదు. కడగడం ఇలా: ఐదో వంతు ఘనపరిమాణం 5 శాతం హైపోతో రంగు పోయేదాకా, ఆ తర్వాత నీళ్లతో రెండుసార్లు. అనార్ద్ర కాల్షియం క్లోరైడ్ మీద గంటసేపు ఉంచి, వెలుతురు తగ్గించి, కొత్త రాగి తురుము వేసి డిస్టిల్ చేయాలి. 71 నుంచి 73 డిగ్రీల మధ్య వచ్చేదే పట్టుకోవాలి. మొదటి 5 మి.లీ., చివరి 10 మి.లీ. వదిలేయండి. హైపోను నీళ్లతో పూర్తిగా కడగకపోతే తర్వాత వెండి అవక్షేపం దగ్గర ఏడిపిస్తుంది, ఆ సంగతి కింద వస్తుంది.

రాగి తీగ గురించి ఒక మాట. నిల్వకి అది నిజంగా మేలు చేస్తుంది, పుట్టిన అయొడిన్‌ను పుట్టినట్టే పట్టి క్యూప్రస్ అయొడైడ్‌గా మార్చేస్తుంది. అడుగున బూడిదరంగు పొడి కనపడితే భయపడొద్దు, తీగ తన పని చేస్తోందని అర్థం. అయితే న్యూట్రాన్లలో పెట్టే ముందు తీగనూ పొడినీ తీసేయాలి. ఉంచితే, తెగి బయటపడిన అయొడిన్-128ని కూడా అదే పట్టేసుకుంటుంది. నీళ్లలోకి రావలసింది రాగి మీద కూర్చుంటుంది, మీకేమో రిటెన్షన్ (నీళ్లలోకి రాకుండా సేంద్రియ రూపంలోనే మిగిలిన భాగం) ఎక్కువగా వచ్చినట్టు కనిపిస్తుంది. కొన్ని కంపెనీల సరుకులో రాగికి బదులు వెండి ఉంటుంది. ఈ ప్రయోగానికి ఆ సీసా వద్దు. వెండి న్యూట్రాన్లను ఆబగా మింగుతుంది, 24.6 సెకన్ల అర్ధాయువుదొకటి, 2.4 నిమిషాలదొకటి పుట్టి మొదటి కొన్ని నిమిషాల కౌంట్లను కలగాపులగం చేస్తాయి.

సీసా గాజు కూడా చూడాలి. వచ్చిన సీసా మామూలు సోడా గాజుది కావడం ఈ సరుకులో బాగా నచ్చిన సంగతి. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు మంచిదని చాలామంది అందులోకి మారుస్తారు, అక్కడే న్యూట్రాన్లు సగం పోతాయి. ఆ గాజులో బోరాన్ సుమారు 4 శాతం, బోరాన్ క్రాస్‌సెక్షన్ 767 బార్న్‌లు. 2 మి.మీ. మందం గోడ దాటేసరికి థర్మల్ న్యూట్రాన్లలో 47 శాతమే మిగులుతాయి. "సోర్సు పాతబడిపోయింది, కౌంట్లు రావట్లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఈ గాజే ఉంటుంది. అమెరీషియం-241 అర్ధాయువు 432 ఏళ్లు, ఒక ఉద్యోగి సర్వీసు కాలంలో అది పాతబడేంతటిది కాదు. కాబట్టి కడిగి శుద్ధి చేసిన ద్రవాన్ని అదే సోడా గాజు సీసాలో పోసి పెట్టేయండి. మెడ దగ్గర పదో వంతు ఖాళీ వదలాలి, ఇక్కడి వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది.

అయొడిన్-128 అర్ధాయువు 25 నిమిషాలు. 25 నిమిషాలు పెడితే సంతృప్తంలో సగం, 50కి ముప్పాతిక, 100కి 94 శాతం. రెండు గంటలు దాటి ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. సోర్సును తీయడం, పెట్టడం రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ సమక్షంలోనే జరగాలి, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉన్న ల్యాబులోనే.

సీసా బయటికి తీసిన క్షణం నుంచి స్టాప్‌వాచ్ నడవాలి. క్యారియర్‌ను ముందే తయారుగా ఉంచుకోండి: 20 మి.గ్రా. అయొడిన్‌ను 10 మి.లీ. శుద్ధమైన ఇథైల్ అయొడైడ్‌లో కరిగిస్తే, అందులో 1 మి.లీ.కి 2 మి.గ్రా. సెపరేటింగ్ ఫనల్‌లో ద్రవం పోసి, ఆ 1 మి.లీ. కలిపి, 20 మి.లీ. 0.02 మోలార్ సోడియం సల్ఫైట్ పోసి రెండు నిమిషాలు ఊపాలి. మే నెలలో ఫనల్ లోపల ఆవిరి ఒత్తిడి గట్టిగా పెరుగుతుంది, ఒకటి రెండు ఊపులకొకసారి ఫనల్ తలకిందులు చేసి కొళాయి తెరవాల్సిందే. గులాబీ రంగు కళ్ల ముందే పాలిపోయి కింది పొర నీళ్లలా తేరుకుంటుంది. అయొడిన్ అయొడైడ్‌గా మారి పైకి ఎక్కేసిందన్నమాట. ఈథర్‌తో పనిచేసి అలవాటైనవాళ్లు ఇక్కడ పొరపడతారు. ఇథైల్ అయొడైడ్ సాంద్రత 1.94, ఇది అడుగున ఉంటుంది. మీకు కావలసిన నీటి పొర పైన. అలవాటు కొద్దీ పై పొర పారబోస్తే రెండు గంటల పని సింకులో పోయినట్టే.

నీటి పొరకి పలుచని నత్రికామ్లం 2 మి.లీ. చేర్చి, హుడ్ కింద కాస్త వేడి చేసి సల్ఫర్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టి, సిల్వర్ నైట్రేట్ వేయండి. లేత పసుపు సిల్వర్ అయొడైడ్ దిగుతుంది. 2 మి.గ్రా. అయొడిన్‌కి అది 3.7 మి.గ్రాలే, ఫిల్టర్ కాగితం మీద మరకలా ఉంటుంది. చేతికి ఆనేంత కావాలంటే నీటి పొర విడదీశాక మరో 10 మి.గ్రా. అయొడైడ్ కలుపుకోండి, కౌంటుకి నష్టం లేదు. ఆమ్లం గాఢంగా వేసి మరిగిస్తే అయొడైడ్ మళ్లీ అయొడిన్ అయి ఆవిరైపోతుంది. సల్ఫైట్‌కి బదులు హైపో వాడినా, ముందు కడిగిన హైపో మిగిలిపోయినా, ఆమ్లం పడగానే పాలు విరిగినట్టు గంధకం, వెండి పడగానే నల్లటి సల్ఫైడ్ వస్తాయి. పసుపు బదులు నలుపు కనపడితే కారణం వేరే వెతకక్కర్లేదు. ఈ తంతంతా 10 నిమిషాల్లో ముగిస్తే చురుకుదనంలో 76 శాతం చేతిలో ఉంటుంది, 25 నిమిషాలైతే సగమే.

కౌంటింగ్‌లో రెండు జాగ్రత్తలు. గైగర్ ట్యూబు డెడ్‌టైమ్ (ఒక కౌంటు తర్వాత ఇంకోటి లెక్కపెట్టలేని విరామం) 100 మైక్రోసెకన్లయితే, సెకనుకు 2,000 చూపించినప్పుడు అసలు విలువ 2,500. మొదటి రీడింగులకి ఈ సవరణ చేయకపోతే అర్ధాయువు 25 బదులు ఇంకా ఎక్కువగా వస్తుంది. రెండోది, రిటెన్షన్ కోసం రెండు పొరల్నీ అలాగే ద్రవంగా కౌంట్ చేసేవాళ్లకి: అయొడిన్‌తో నిండిన బరువైన ద్రవం తన బీటా కిరణాల్ని తానే ఎక్కువగా మింగుతుంది. నీళ్లతో పోలిస్తే కౌంటు తక్కువ చూపిస్తుంది, దాంతో రిటెన్షన్ కూడా తక్కువొస్తుంది. సోడియం అయొడైడ్ డిటెక్టర్ మీద 443 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా పట్టుకుంటే ఈ తేడా చాలా తగ్గుతుంది.

రిటెన్షన్ అంటే న్యూట్రాన్ మింగాక కూడా సేంద్రియ రూపంలోనే మిగిలిన భాగం. ద్రవ ఆల్కైల్ అయొడైడ్లలో ఇది సాధారణంగా 30 నుంచి 60 శాతం మధ్య ఉంటుంది. బంధం తెగిన అయొడిన్ చుట్టూ ఉన్న అణువుల గుంపులోనే ఢీకొని, వేగం తగ్గి, అక్కడే పుట్టిన రాడికల్‌తో (బంధం తెగి మిగిలిన ముక్క) మళ్లీ జతకట్టేస్తుంది. ఇదెలా జరుగుతుందన్న దాని మీద ఇద్దరు రసాయన శాస్త్రవేత్తల మాటలున్నాయి: బిలియర్డ్ బంతుల్లా ఢీకొంటాయని లిబ్బీ అన్నాడు. ఢీకొన్న చోట బంధాలు ఎటుపడితే అటు తెగి, ఆ ముక్కల్లోంచి ఏదో ఒకటి దొరుకుతుందని విలర్డ్ అన్నాడు. మూలద్రవ్యం కాకుండా మిథైల్ అయొడైడ్ లాంటి కొత్త పదార్థాల్లో కూడా రేడియో అయొడిన్ దొరుకుతుంది కాబట్టి విలర్డ్ మాటకి బలం ఎక్కువ. ఈ జతకట్టడాన్ని విడి అయొడిన్ అడ్డుకుంటుంది, దాన్నే స్కావెంజర్ అంటాం. వెయ్యి అణువులకి ఒకటి చొప్పున ఉన్నా రిటెన్షన్ దిగడం స్పష్టంగా తెలుస్తుంది. సీసా కడగమని ఇంతగా చెప్పడానికి రెండో కారణం ఇదే: ఎర్రబడిన సరుకుతో చేస్తే మీకు తెలియకుండానే స్కావెంజర్ కలిపి చేసినట్టు. అదే కారణంతో క్యారియర్ అయొడిన్‌ను న్యూట్రాన్లలోంచి తీశాకే కలపాలి. స్కావెంజర్ ప్రభావం చూడాలనుకుంటే మాత్రం ముందే, కొలిచి.

రియాక్టర్‌లో చేసిన అంకెలతో మీ అంకెలు సరిపోలకపోతే కంగారు పడొద్దు. కల్పాక్కంలో 1996 నుంచి యురేనియం-233తో నడిచే 30 కిలోవాట్ల కామినీ లాంటి చిన్న రియాక్టర్‌లో కూడా న్యూట్రాన్లతో పాటు గట్టి గామా ఉంటుంది. ఆ గామాయే ద్రవాన్ని విరిచి అయొడిన్ పుట్టిస్తుంది. అమెరీషియం–బెరీలియం సోర్సుతో ఆ బెడద లేనట్టే.

ఖర్చు తగ్గుతుందని బ్రోమైడ్ వైపు చూసేవాళ్లకి: ఇథైల్ బ్రోమైడ్ చెన్నైలో కొనొద్దు. 38.4 డిగ్రీలకే మరుగుతుంది, మే మధ్యాహ్నం మూత తీస్తే బుస్సుమంటుంది. నార్మల్ బ్యూటైల్ బ్రోమైడ్ 101 డిగ్రీలది, హాయిగా పనిచేస్తుంది. బ్రోమిన్‌లో 17.7 నిమిషాలు, 4.4 గంటలు, 35.3 గంటలు అర్ధాయువులున్నవి మూడూ కలిసి వస్తాయి. డికే వక్రాన్ని విడదీయడం నేర్చుకోవడానికి మంచిదే కానీ ఒక పూట ప్రాక్టికల్‌కి ఎక్కువ. దాని అసలు అందం వేరే ఉంది. ఒకసారి కడిగేసిన సేంద్రియ పొరను గంట ఆగి మళ్లీ కడిగితే కొత్తగా 17.7 నిమిషాల బ్రోమిన్-80 వస్తుంది; 4.4 గంటలది దాని ఐసోమర్, అంటే అదే కేంద్రకం ఎక్కువ శక్తితో ఉన్న రూపం, అది విఘటనై ఇది పుడుతుంది. ఐసోమర్ విఘటనలో గామా తన్ను చాలా చిన్నది, కానీ ఎలక్ట్రాన్లు వరుసగా ఊడిపోయి అణువు మీద ధనావేశం పెరగడంతో బంధం తెగిపోతుంది. 1939లో సెగ్రే, హాల్ఫర్డ్, సీబోర్గ్ బ్రోమిన్ ఐసోమర్లను విడదీసింది ఇలాగే. క్లోరైడ్లు మాత్రం వద్దు. పనికొచ్చే క్లోరిన్-37 24 శాతమే, క్రాస్‌సెక్షన్ 0.43 బార్న్. మిగతా క్లోరిన్-35 పనికొచ్చే చురుకుదనం ఏమీ ఇవ్వకుండా న్యూట్రాన్లను మింగి కూర్చుంటుంది.

వాడేశాక ద్రవాన్ని పారబోయకండి. 4 గంటల 10 నిమిషాలకి పది అర్ధాయువులు గడిచి వెయ్యో వంతు మిగులుతుంది, మర్నాటికి మామూలు ఇథైల్ అయొడైడే. మళ్లీ కడిగి, డిస్టిల్ చేసి, కొత్త రాగి తీగ వేసి, ఫ్రిజ్‌లో చీకట్లో ఉంచితే అదే 100 మి.లీ. మీ తర్వాతి బ్యాచ్‌లకీ వస్తుంది. ఆవిరి విషం, పైగా శరీర కణాల మీదే ఇథైల్ గుంపును తగిలించగలదు కాబట్టి ప్రతి పనీ ఫ్యూమ్ హుడ్‌లోనే. నైట్రైల్ గ్లవ్స్ దీన్ని కొద్ది నిమిషాలే ఆపుతాయి, చుక్క పడిన వెంటనే మార్చేయాలి.

5కి 4 ఇవ్వొచ్చు ఈ సీసాకి. తగ్గించిన ఒకటీ లేబుల్ మీద విడి అయొడిన్ ఎంతో రాయనందుకు.